మా ఒడ్డుకో మంచి వైరస్ కావాలి

అసలైన ప్రాణాంతక వైరస్ ఎవరి దగ్గరైనా ఉంటే వాకాడు వైపు ఒడ్డుకు ఒకటి పంపగలరు! నవ్వకండి. వైరస్‌ను మించిన ప్రజాసేవకుడు ఈ దేశంలో ఎవడున్నాడు?

నమ్మకపోతే ముత్యాలయ్యను అడగండి. చేపల వేట లేని రోజున ఫోన్లో ఒక పాత డబ్బింగ్ సినిమా మళ్ళీ చూశాడాయన. అందులో ఒకడు బస్టాండులో దగ్గుతాడు. ఇంటర్వెల్ కాకముందే హెలికాప్టర్లు! తెల్లసూట్ల డాక్టర్లు! ఊరి చుట్టూ కంచె వేసి, ఇంటింటికీ తిరిగి జ్వరం చూస్తారు. కరోనా రోజుల్లో అది చూసి వణికిన మనిషికి ఈసారి నోరూరింది. ఇంటింటికీనా? వాళ్ళే వచ్చా?

ఆయన ఏడేళ్ళ కూతురు వనజాక్షికి పదకొండు రోజులుగా జ్వరం. నెల్లూరులో రాయించుకొచ్చిన మాత్రలు అయిపోయాయి, జ్వరం అయిపోలేదు. ఊళ్ళో నలభై మందిదీ ఇదే వరస. దగ్గర్లో ఆస్పత్రి ఉంది. దానికి రంగుంది, రంగు మీద పెద్దల పేర్లున్నాయి. డాక్టరొక్కడే వేరే ఊళ్ళో డెప్యుటేషన్‌లో ఉన్నాడు. మూడు అర్జీలు పెట్టారు. వట్టి జ్వరానికి అంత హోదా ఎక్కడిది?

"కంచె మనమే వేసుకుందాం మామా," అన్నాడు ముత్యాలయ్య, ఊరి పెద్దకాపు చిన్నపోలయ్యతో.

"మిలిటరీ లేకుండానా అబ్బయా?"

"దురాయి ఉంది గదా. నీ మాట దాటి ఈ ఊళ్ళో ఎవుడన్నా పడవ తోసినాడా?"

"అట్నే కానీ. హెలికాప్టర్ దిగేదానికి ఇసకలో ఆరేసిన నీ వల అడ్డం, ముందు అది తీసెయ్."

దురాయంటే ఊరి పెద్దలైన కాపులు వేసే కట్టడి. పోలీసుకు జడవనివాడు కూడా దానికి జడుస్తాడు. మర్నాడు పొద్దున్నే చాటారు: ఊళ్ళో వైరస్ ఉంది, వేట బంద్, ఐసులో ఉన్న రొయ్య కూడా ఊరు దాటరాదు.

పాఠకులారా, సినిమా నిజం చెప్పింది! మూడు అర్జీలకు కదలని సర్కారు మూడు గంటల్లో జీపులో దిగింది. గ్లవ్స్, మాస్కు, శాంపిల్ పెట్టె! ముత్యాలయ్య కూతుర్ని భుజానేసుకుని పరుగెత్తాడు.

వచ్చినాయన ఐసులోంచి ఒక రొయ్యను పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తాడు. తల చూశాడు, పొట్ట చూశాడు, దాని మీసం సవరించాడు. అలా పన్నెండింటిని చూశాడు.

"ఎగుమతి సరుకయ్యా. వైరస్ అంటే చెన్నై నుంచి ఒకటే ఫోన్లు. మీ రొయ్యలకేం భయం లేదు, దుక్కల్లా ఉన్నాయి."

"సార్, మా పాపకు..."

"నేను రొయ్యల డాక్టర్ని."

"తెలస్తానే ఉండాది సార్. పదమూడోది అనుకోని చూడండి."

ఆయన చేతిలోని రొయ్యను మళ్ళీ ఐసులో పెట్టాడు. గ్లవ్ తీసి పాప నుదుటి మీద చెయ్యేశాడు. పదకొండు రోజుల్లో ఆ ఊళ్ళో సర్కారు చెయ్యి తగిలిన మొదటి నుదురు అదే.

"కాలిపోతోందయ్యా," అన్నాడు.

రాసుకుందామని కాగితం తీశాడు. అందులో జాతి, బరువు, పొడవు అన్నిటికీ గడులున్నాయి. మనిషికి లేదు.