ఆరు గుడ్లు, నాలుగు "ఊ"లు

ఆ సోమవారం ఉదయం గడియారాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిలోగా ఒక చేతిగడియారానికి స్ప్రింగు మార్చాలి, తర్వాత కాఫీ తాగాలి. ఇంటి ముందుగదిలోనే షాపు. కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడు. ఆ అద్దం కంటికి ఉన్నంతసేపూ ఎవరేం చెప్పినా ఆయన "ఊ" అంటాడు. ఆ "ఊ"ను నమ్మకూడదని పన్నెండేళ్ల కాపురంలో భార్యకు బాగా తెలుసు. ఆ రోజు తొందరలో మరిచిపోయింది.

ఆవిడ బట్టలు కుడుతుంది. ఒక బడి పిల్లల యూనిఫారాలకు కొలతలు తీయడానికి పొరుగూరు వెళ్లి మర్నాడు సాయంత్రం రావాలి. సరిగ్గా బయల్దేరబోతుంటే ఆమె మేనత్త పంపిన పార్సిల్ వచ్చింది. లోపల రంపపు పొట్టులో ఆరు గుడ్లు. ఆమె తండ్రి ముప్పై ఏళ్లు పెంచిన చుక్కల కోళ్లవి. ఆయన పోయాక కోళ్లూ ఒక్కొక్కటే పోయాయి. మేనత్త దగ్గర ఒక ముసలి పుంజు, ఒక ముసలి పెట్ట మిగిలాయి. ఆ పెట్ట గుడ్లు మానేసేముందు పెట్టిన ఆఖరివి ఇవి. వీటిలోంచి పిల్లలు రాకపోతే నాన్న కోళ్లు ఇక లేనట్టే.

ఆమె వాటిని కుట్టుగదిలో బీరువా మీద, మొన కిందికి ఉండేలా అట్టలో నిలబెట్టి, భర్తకు అప్పగింతలు పెట్టింది. దారిలో కుదుపులు తిన్న గుడ్లు ఒక రోజు కదలకుండా ఉండాలి. రేపు పదింటికి, వీటిని పొదిగించడానికి తెచ్చిపెట్టిన ఇంక్యుబేటర్లో పెట్టాలి. లేత గోధుమరంగువి. బీరువా మీద ఉన్నాయి. ఆయన నాలుగుసార్లు "ఊ" అన్నాడు. అద్దం తీశాక ఆయన బుర్రలో బీరువా తప్ప మిగతావన్నీ ఉన్నాయి.

మధ్యాహ్నం ఆయన తల్లి అన్నంలోకి ఉడికించిన గుడ్లు పెట్టింది. నాలుగు తిన్నాక, ఇన్ని గుడ్లు ఎక్కడివని అడిగాడు.

"వంటింటి గట్టు మీద ఉన్నాయి నాయనా. ఆరుంటే ఆరూ ఉడకేశాను. నేను రెండు తిన్నా."

ఆయన చేతిలో ముద్దను కంచంలో పెట్టేశాడు. అవి ఏ రంగులో ఉన్నాయని అడిగితే, కళ్లలో శుక్లాలున్న ఆ తల్లి "గుడ్డు రంగులోనే ఉన్నాయి" అంది. పెంకులు అప్పటికే నలిపి మొక్కలకు వేసేసింది. సంగతి విన్నాక ఆవిడ గోడకు చేరగిలబడి కూలబడింది.

"వియ్యంకుడుగారు ముప్పై ఏళ్లు పెంచినదాన్ని మనం ఒక్క పూటలో తినేశామట్రా."

నిజం చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు. దూరం నుంచి వచ్చిన గుడ్లు ఒక్కోసారి పిల్లలు కావని భార్యే ఓసారి అన్నది ఆయనకు గుర్తొచ్చింది. కొట్టు గుడ్లు ఆరు పెట్టి, మూడు వారాలయ్యాక నేరం పార్సిల్ కుదుపుల మీదికి నెట్టేస్తే సరి. కొట్టు గుడ్లేమో తెల్లగా ఉన్నాయి. తల్లి చిక్కగా టీ కాచింది, కొడుకు పట్టకారుతో ఒక్కో గుడ్డునీ ముంచి లేత గోధుమరంగు తెప్పించాడు. మర్నాడు పదింటికి వాటిని ఇంక్యుబేటర్లో పెట్టాడు.

సాయంత్రం భార్య వచ్చి మూత ఎత్తి లోపలికి వంగింది. ఒక్క క్షణం ఆగి, మొగుడి మొహంలోకి చూసి, ఇక వీటి సంగతి తను చూసుకుంటానంది. ఏమీ కనిపెట్టలేదని ఆయన గుండె కుదుటపడింది. ఆ తర్వాత మూడు రోజులు పొద్దున్నే ఆమె రెండేసి ఉడికించిన గుడ్లు ఒలిచి మరీ పెట్టింది. ఆ ప్రేమకు ఆయనకు ఏడుపొక్కటే తక్కువ. ఎలాగో మింగాడు.

వారం తిరిగాక గుడ్లను టార్చి వెలుతురులో చూడాల్సి వచ్చింది. లోపల నరాలు కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు.

"అద్దం పెట్టుకునే కన్ను మీదేగా, మీరే చూడండి" అంది భార్య.

ఖాళీ గుడ్డును చూసే ధైర్యం లేక, ఆయన అద్దం వెనక కన్ను గట్టిగా మూసుకున్నాడు. ఏమీ లేదందామనుకుని తల తిప్పితే ఆమె మొహం కనిపించింది. నోట్లోంచి "అన్నీ బాగున్నాయి" అని వచ్చింది. దాంతో పార్సిల్ మీదికి నెట్టే దారి కాస్తా మూసుకుపోయింది. ఆమె వెంటనే మేనత్తకు ఫోన్ చేసింది. పిల్లలు పుట్టే రోజుకు గంపతో సహా వస్తానంది మేనత్త.

తల్లీకొడుకులకు తిండి సహించలేదు. చివరికి ఆయన ఎక్కడో వెతికి ఆరు చుక్కల కోడిపిల్లల్ని కొని, చిల్లులు పొడిచిన గోడగడియారం పెట్టెలో పెట్టి తెచ్చాడు. వాటిని ఇంక్యుబేటర్లోకి ఎక్కిద్దామంటే, చివరి మూడు రోజులు మూత తీయకూడదని భార్య దాని పక్కనే మిషను వేసుకుని కూర్చుంది.

ఇరవై ఒకటో రోజు పొద్దున మేనత్త వచ్చింది. గంప దించి, ఇంక్యుబేటర్ మీద చెయ్యి వేసి, "అన్నయ్య ఉంటే ఎంత సంతోషించేవాడో" అని కళ్లు తుడుచుకుంది. ఆయన ఇక తట్టుకోలేకపోయాడు.

"నేను తినేశాను. మీరు పంపిన గుడ్లు నేనే తినేశాను. ఇందులో ఉన్నవి టీలో ముంచిన కొట్టు గుడ్లు."

"ఉడకేసింది నేనమ్మాయ్, వాడికేం తెలీదు" అంది తల్లి.

అంతలో సన్నగా కిచకిచ వినిపించింది. ఆయన కంగారుగా చంకలోని గడియారం పెట్టెను నొక్కి పట్టుకున్నాడు. చప్పుడు అందులోంచి కాదు. ఇంక్యుబేటర్ అద్దంలోంచి చూస్తే ఒక గుడ్డు పగిలి, చిన్న ముక్కు బయటికొచ్చింది.

"ఈ ముక్క మూడు వారాల కిందట చెబితే పోయేదిగా" అంది భార్య. ఆమె గొంతులో కోపం కన్నా, చివరికి చెప్పాడన్న నిశ్చింతే ఎక్కువ ఉంది. "మీరు తిన్నవి నేను ఇంట్లోకని తెచ్చిన గుడ్లు. నాన్న కోళ్లవి బీరువా మీద ఉన్నాయని చెప్పానుగా. వచ్చి చూస్తే ఇంక్యుబేటర్ నిండా టీ వాసన. ఆ సాయంత్రమే మార్చేశాను."

"మరి ఆ టీ గుడ్లు?"

"మూడు రోజులు పొద్దున్నే రెండేసి తిన్నదెవరు?"

మేనత్త నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. తల్లి కోడలి చేతులు పట్టుకుని ఏడ్చేసింది. ఆయనకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. సాయంత్రానికి నాలుగు పిల్లలు బయటికొచ్చాయి. గడియారం పెట్టెలోని ఆరింటినీ కలిపి పది లెక్క తేలింది.

మర్నాడు తల్లి ఉడికించిన గుడ్డు పెడితే, ఆయన దాన్ని లైటుకెత్తి, రెండు కళ్లూ తెరిచి చూశాకే తిన్నాడు.