చూద్దాంగారి చేతకానితనం

చేతకానితనం కొందరికి పుట్టుకతో వస్తుంది, కొందరికి వయసుతో వస్తుంది. చూద్దాంగారు దాన్ని సాధన చేసి సంపాదించారు.

పదవీ విరమణ చేసేవరకు ఆయన ఒక పెద్ద కార్యాలయంలో సూపరింటెండెంటు. బల్ల మీదికి ఏ ఫైలు వచ్చినా "చూద్దాం" అనేవారు. అన్న తరువాత చూసేవారు కారు. ఆ మాటే ఆయనకు పేరుగా స్థిరపడి, కన్నవారు పెట్టిన పేరు జీతం తీసుకునే వేళకు మాత్రమే పనికివచ్చింది. ఆ ఉద్యోగం ఆయనకు బోధించిన జీవనసూత్రం ఒక్కటే. ఏ పనినైనా మొదటిసారి శ్రద్ధగా చెడగొడితే, రెండోసారి దాన్ని మనకు ఎవరూ అప్పగించరు.

ఈ సూత్రాన్ని ఆయన పెళ్లయిన కొత్తలోనే ఇంటికి కూడా వర్తింపజేశారు.

"ఏమండీ, పొయ్యి మీద కూరలో కాస్త ఉప్పు వెయ్యండి!" అని భార్య పెరట్లోంచి కేకేసింది.

"ఎంత?"

"చాలినంత."

"ఎవరికి చాలినంత? నీకా, నాకా? చెంచా అంచుదాకానా, గోపురంగానా? రేపు ఎక్కువైందంటే బాధ్యత ఎవరిది?"

"మహానుభావా, మీరు జరగండి. నేనే వేస్తాను."

ఆయన జరిగారు. అప్పటినుంచి ఆ ఇంట్లో జరిగినదంతా అదే.

బట్టలు ఆరేయమంటే అన్ని చొక్కాలనూ ఒకే క్లిప్పుకు తగిలించారు. కప్పు కడగమంటే విరిగిన దాని చెవిని కడిగి తెచ్చారు, కప్పు సింకులోనే ఉండిపోయింది. ఆయన మడతపెట్టిన దుప్పటిని చూసిన పక్కింటావిడ, లోపల ఎవరైనా పడుకున్నారేమోనని గొంతు తగ్గించి మాట్లాడింది. ఇన్ని పరాక్రమాల తరువాత ఇంటిపనిలో ఆయన మీద ఆశ పెట్టుకోవడం భార్య మానుకుంది.

ఒకరి విశ్రాంతి ఖరీదు మరొకరు చెల్లిస్తారు కదా. చరిత్రలో ఎమ్మే చదివిన ఆ ఇల్లాలు సామ్రాజ్యాల పతనం గురించి గిన్నెలు తోముతూ ఆలోచించేది. ఉద్యోగానికి రమ్మని ఎవరు పిలిచినా, "నేను గడప దాటితే మా ఆయన మంచినీళ్లు కూడా ముంచుకోలేరండీ" అని తప్పుకునేది. ఆ మాట విన్నప్పుడల్లా చూద్దాంగారు ఎంతో దీనంగా తల ఊపేవారు.

పదవీ విరమణతో చిక్కు వచ్చిపడింది.

"ఇక ఇద్దరం ఇంట్లోనే కదా, పని చెరి సగం పంచుకుందాం" అంది ఆవిడ.

"చూద్దాం."

"ఈసారి నిజంగానే చూడాల్సి వస్తుంది."

ఆ గొంతులోని ధీమా ఆయనకు నచ్చలేదు. వీధి మలుపులో ఉన్న బడికి టీచర్ల సహాయకులు కావాలన్న బోర్డు అప్పుడే ఆయన కంటబడింది. పదో తరగతి గది, వెనక బెంచీ, నెత్తిన ఫ్యాను, చేతిలో వారపత్రిక ఆయన కళ్లముందు కదిలాయి. పొద్దున వెళ్లి సాయంత్రం అలసిపోయి వచ్చే మనిషిని చీపురు పట్టమనడానికి ఏ ఇల్లాలికైనా మనసొప్పుతుందా?

"నేను బళ్లో చేరుతున్నానే. సమాజానికి తిరిగి ఏదైనా ఇవ్వాలి కదా" అన్నారు.

"తప్పకుండా చేరండి. సమాజం కాచుకుని కూర్చుంది" అంది భార్య.

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు తెలివైనవాడైతే అనుమానించేవాడు. ఆమె అదే పూట ఎవరితోనో ఫోనులో చాలాసేపు నవ్వుతూ మాట్లాడింది. ఆ సమయంలో ఆయన కొత్త ఉద్యోగానికి తన బూట్లు పాలిష్ చేయించుకుంటున్నారు. ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పాలిష్ చేస్తున్నది కూడా ఆవిడే.

బడి హెడ్‌మిస్ట్రెస్ బక్కపలచని మనిషి. కళ్లజోడు పైనుంచి చూస్తూ అతి మర్యాదగా మాట్లాడుతుంది. "పదో తరగతి కావాలన్నారుగా సార్, అలాగే తీసుకోండి" అంది.

ఫ్యాను ఉంది, బెంచీ ఉంది. పత్రిక తెరిచేలోగా లెక్కల మాస్టారు పరీక్ష పేపర్ల కట్ట తెచ్చి ఒళ్లో పడేశారు.

"నంబరు వరసలో సర్దిపెట్టండి సార్."

చూద్దాంగారు సూత్రాన్ని అమలు చేశారు. పేపర్లను దస్తూరీ అందాన్ని బట్టి సర్దారు. లెక్కల మాస్టారు ఆ కట్టను, ఆయనను మార్చిమార్చి చూసి, కట్టను పట్టుకుపోయారు. ఇక ఈ గదిలో తనను ఎవరూ పని అడగరని చూద్దాంగారు నిశ్చింతగా కాళ్లు చాపుకున్నారు. నిజంగానే అడగలేదు, మర్నాటికి ఆయన ఆ గదిలో లేరు కనుక.

"సార్, చిన్న మార్పు. నాలుగో తరగతికి వెళ్లండి" అంది హెడ్‌మిస్ట్రెస్.

నాలుగో తరగతిలో బొమ్మల పాఠానికి రంగులు కలిపిపెట్టమన్నారు. ఆయన అన్ని రంగులనూ ఒకే బేసిన్లో కలిపారు. ఆ పూట తరగతిలో ఆకాశం, చెట్టు, సూర్యుడు, అమ్మ అందరూ బురద రంగులోనే వెలిశారు.

"సార్, చిన్న మార్పు" అంది హెడ్‌మిస్ట్రెస్.

"ఏంటండీ, మళ్లీ గది మారిందా?" అని అడిగింది ఇంట్లో భార్య.

"చిన్న మార్పు."

"పైకా, కిందికా?"

"పక్కకి" అన్నారు చూద్దాంగారు గంభీరంగా.

అసలు సంగతి ఆయనకు అంతుబట్టలేదు. కార్యాలయంలో పని రానివాణ్ని ప్రమోషనిచ్చి పైకి పంపి వదిలించుకునేవారు. ఈ బళ్లో కిందికి పంపుతున్నారేమిటి? ఈసారి పంపింది నర్సరీకి. దానికంటే కింద ఇక ఉయ్యాలే.

నర్సరీ టీచరుకు నాలుగు చేతులున్నా చాలని పని. సగం పిల్లల్ని ఆయనకు అప్పజెప్పి వెనక్కి తిరిగి చూడలేదు. ఆ సగంలో ముఖ్యులు ఇద్దరు. ముక్కు ఏనాడూ ఆరని చీమిడి చక్రవర్తి ఒకడు, ప్రతి మాటకూ "ఎందుకు?" అనే ఎందుకమ్మ ఒకతె.

చూద్దాంగారు చక్రవర్తి చొక్కా గుండీలను ఆనవాయితీ ప్రకారం ఎగుడుదిగుడుగా పెట్టారు. "మీరు జరగండి, నేనే పెట్టుకుంటాను" అని వాడు అంటాడని ఆయన ఆశ. వాడు పొట్ట ముందుకు చాపి నిలబడి, "తప్పు. మళ్లీ పెట్టు" అన్నాడు.

పాలు ఒలకబోశారు. తుడవడానికి ఎవరూ రాలేదు. ఆ పాలలో ఎందుకమ్మ బొమ్మలు గీయసాగింది.

"వద్దమ్మా."

"ఎందుకు?"

"పాలు ఒలికాయి కదా."

"ఎందుకు?"

ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పడం ఆయన వల్ల కాలేదు. మోకాళ్ల మీద కూర్చుని నేలంతా తానే తుడిచారు.

అక్కడే ఆయన సూత్రంలోని లోపం బయటపడింది. పనిని చెడగొట్టినందుకు విశ్రాంతి దొరకాలంటే, దాన్ని బాగుచేసే మనిషి పక్కన ఉండాలి. ఇన్నేళ్లూ ఇంట్లో ఆ మనిషి ఉంది. నర్సరీలో చెడగొట్టిన పని రెండింతలై తిరిగి ఆయన ఒళ్లోకే వస్తోంది. ఇంత తర్కం తెలిసినవారు ఇక్కడితో ఆగకుండా ఇంకొక్క అడుగు వేసి ఉంటే, ఇంటి గురించి కూడా కాస్త ఆలోచించేవారు. ఆ అడుగు ఆయన వేయలేదు.

దాని బదులు హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్లి గోడు వెళ్లబోసుకున్నారు.

"ఒక పని చేద్దాం సార్. పిల్లల ఇళ్లలోని పెద్దవాళ్లంతా బడి చూడటానికి వచ్చే రోజు ఒకటుంది కదా. ఆ రోజుకి నర్సరీలో మీ చేతిపని అద్భుతంగా ఉందనుకోండి, పదో తరగతి సంగతి నేనే స్వయంగా తేలుస్తాను" అంది ఆమె.

ఆ రోజు నుంచి చూద్దాంగారు మారిపోయారు. తువ్వాళ్లను అంచుకు అంచు కలిపి మడతపెట్టారు. కప్పులను కడిగి, తుడిచి, చెవులన్నీ ఒకే దిక్కుకు వచ్చేలా బోర్లించారు. పండు తొక్కను ఎక్కడా తెగకుండా ఒకే చుట్టగా ఒలిచారు. చక్రవర్తి తుమ్ముకు ముందే ముక్కు దగ్గరికి రుమాలు చేరేది. పసిచేతుల్లోంచి జారిన కప్పును నేల తాకకముందే గాల్లో పట్టుకునే విద్య కూడా అలవడింది.

ఇంట్లో మాత్రం పాత భక్తి సడలలేదు. ఒక సాయంత్రం భార్య దుప్పటి అందిస్తే, దాన్ని చుట్టి చుట్టి ఉండలా తిరిగి ఇచ్చారు.

"పాపం, మీకు రాదుగా" అంది ఆవిడ ఆ ఉండను అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"ఏం చెయ్యనే, చేతులు వంగవు."

పెద్దవాళ్లు వచ్చే రోజు వచ్చింది. నర్సరీ గది అద్దంలా మెరుస్తోంది. చూద్దాంగారు ఒక చేత్తో ఓ పిల్లాడి బూటు లేసు ముడివేస్తూ, రెండో చేత్తో బల్ల తుడుస్తూ, తలుపు వైపు ఒక కన్ను వేసి ఉంచారు. హెడ్‌మిస్ట్రెస్ కొందరు పెద్దవాళ్లను వెంటబెట్టుకుని లోపలికి వచ్చింది. ఆమె వెనక చూద్దాంగారి భార్య వచ్చి, మోకాలెత్తు కుర్చీలో హాయిగా సర్దుకుని కూర్చుంది.

చూద్దాంగారి చేయి గాల్లో ఆగింది. చేతకానట్టు నటించాలా, చేతనైనట్టు చూపించాలా? ఒకటి చేస్తే పదో తరగతి పోతుంది, రెండోది చేస్తే ఇల్లు పోతుంది. ఆలోచించే వ్యవధి చక్రవర్తి ఇవ్వలేదు.

"తాతా, గుండీ!"

వేళ్లు వాటంతటవే వెళ్లి పెట్టేశాయి, చూడకుండానే.

"అబ్బో, చక్కగా పెట్టారే!" అంది భార్య.

"మా తాతకి అన్నీ వచ్చు. తువ్వాలు మడతపెడతాడు. గిన్నెలు కడుగుతాడు. నేల తుడుస్తాడు" అంది ఎందుకమ్మ గర్వంగా.

"అవునా తల్లీ? మరి ఇంట్లో ఎందుకు చెయ్యడో?"

ఎందుకమ్మ చూద్దాంగారి వైపు తిరిగింది. "ఎందుకు?"

గదిలోని పెద్దవాళ్లంతా ఆ జవాబు కోసం చూశారు. చూద్దాంగారు లేసు వైపు చూశారు.

"నిజంగా అద్భుతం, బావగారూ!" అంది హెడ్‌మిస్ట్రెస్.

ఇన్నాళ్లూ 'సార్' అన్న నోటి నుంచి 'బావగారు' ఊడిపడేసరికి ఆయన తలెత్తారు.

"అక్కా నేనూ కాలేజీలో ఒకే గదిలో ఉండేవాళ్లం. మా పదో తరగతి పిల్లలకి చరిత్రలో సాయం చెయ్యమని ఎన్నాళ్లుగానో బతిమాలుతున్నాను. ఇంట్లో మనిషికి ఏ పనీ రాదు, ఎలా వచ్చేదని అనేది. మీరు బళ్లో చేరతానన్న పూట ఫోను చేసి, ముందు ఆయనకి నేర్పించి పంపు, తర్వాత నేను వస్తానంది. మీ పద్ధతి కూడా అప్పుడే చెప్పింది. ఆయన చెడగొట్టినకొద్దీ కిందికి పంపించు, పైకి మాత్రం పంపకు అని."

"మరి పదో తరగతి సంగతి తేలుస్తానన్నారు?"

"తేల్చేశాను కదా బావగారూ. సోమవారం నుంచి అక్క చేరుతోంది. మిమ్మల్ని నర్సరీ నుంచి కదిలిస్తే ఈ పిల్లలు నన్ను బతకనివ్వరు."

ఇద్దరూ ఇల్లు చేరారు. వంటింట్లో భార్య ఆయన చేతికి కప్పు అందించింది.

"పని చెరి సగం. ఇది మీ సగంలోది."

ఆయనకు చివరి ఆశ ఒకటి మిగిలింది. ఇన్నేళ్లు కాపాడిన సూత్రం ఆపదలో ఆదుకోకపోతుందా? భార్య అటు తిరగగానే వేళ్లు వదులు చేసి కప్పును జారవిడిచారు.

నేలకు బెత్తెడు దూరంలో, ఆయన ప్రమేయం ఏమీ లేకుండా, ఆయన రెండో చేయి దాన్ని పట్టేసుకుంది.

వెనక్కి తిరగకుండానే ఆవిడ అంది, "తుడిచి బోర్లించండి. చెవి కిటికీ వైపుకి రావాలి."

"చూద్దాం" అన్నారు చూద్దాంగారు. అప్పటికే ఆయన కప్పు తుడుస్తున్నారు.