నక్షత్ర నౌకకు ప్రొద్దుటూరు సలహాలు

టీవీ ముందు కూర్చుని నోరు మూసుకునే ప్రేక్షకుణ్ణి నేను నమ్మను. మీరూ నమ్మకండి!

పక్కవాళ్ళ మాటల్లో సీరియల్ వినబడడం లేదని ఈ మధ్య చాలామంది ఇల్లాళ్ళు వాపోతున్నారు. అమ్మా, వినబడితే మాత్రం ఏం చేసుకుంటాం? సీరియల్ ఎక్కడో ఎవరో తీసి పంపే సరుకు. అభిప్రాయం మన పొయ్యి మీద అప్పటికప్పుడు పొంగే పాలు. రెండింట్లో ఏది తాజాది?

మా ఇంటినే తీసుకోండి. ఆదివారం పొద్దున కేబుల్లో ఒక పాత ఇంగ్లీషు సీరియల్‌ను తెలుగులోకి మార్చి వేస్తూ వచ్చారు. అంతరిక్షంలో ఒక నౌక, దానికొక కెప్టెన్, వారానికొక కొత్త గ్రహం. నేను బీయస్సీ ఫిజిక్స్. కాంతివేగం అనే మాట పరీక్ష హాల్లో వదిలేసి వచ్చాక మళ్ళీ నా చెవిన పడింది ఆ సీరియల్లోనే. ఆఖరిదాకా చూసి తీరాలని గట్టిగా అనుకున్నాను.

వీధి వీధంతా అలాగే అనుకుంది. మా ఇంట్లో కూర్చునే అనుకుంది! రెండు పార్టీలవాళ్ళూ కాలు పెట్టగల ఇల్లు మా వీధిలో మాదొక్కటే మరి. మా ఆయన కాలేజీలో లెక్చరర్. ఏ పార్టీ మనిషీ కాదు కాబట్టి రెండు పార్టీలూ ఆయన్ని సమానంగా అనుమానిస్తాయి.

తలుపు వైపు సంజీవయ్య మామ, ఆయన మనుషులు. కిటికీ వైపు టైలర్ కమాల్ బాషా, అతని మనుషులు. నడుమ టీ గ్లాసులతో నేను.

మొదటి వారమే కెప్టెన్ ముగ్గుర్ని వెంటేసుకుని కొత్త గ్రహం మీద దిగాడు. సంజీవయ్య మామ తట్టుకోలేకపోయాడు.

"ఏందప్పా ఇది? తెలీని ఊర్లో నాయకుడే ముందు దిగుతాడా యాడన్నా? ముందొక సుమో పోవల్ల, ఎనకొక సుమో రావల్ల. ఈయప్ప నడిమి బండిలో కూచోవల్ల."

"గన్‌మెన్లను ఎత్తేసింటారు మామా," అన్నాడు కమాల్ బాషా. "పైన మీ గవర్నమెంటు ఉన్నట్టుంది."

ఇలాంటి విశ్లేషణ మీకు ఏ పేపర్లో దొరుకుతుంది?

ఆ నౌకలో ఒక మిషన్ ఉంది. దాంట్లో నిలబడితే మనిషి ఇక్కడ మాయమై అక్కడ తేలతాడు. దాన్ని చూసి గది మొత్తం ఆలోచనలో పడింది.

"ఇది మన కాడుంటే కల్వర్టు కింద కాపు కాసేటోళ్ళు ఏం తిని బతకల్ల?" అన్నాడు కమాల్ బాషా.

"నువ్వేం దిగులు పడాకు. వాళ్ళకు నువ్వే యాదో ఒక దారి సూపిస్తావు," అన్నాడు సంజీవయ్య మామ.

ఎదురింటి పెంచలమ్మ మాత్రం ఏ గ్రహం కనబడినా, "ఇది గండికోట గదమ్మే," అనేది. లోయలో పెన్న లేదు కదా అంటే, ఎండాకాలంలో తీసింటారని సర్దిచెప్పేది. మా ఆదివారాల పేరు పులివెందుల దాకా పాకి, అక్కడి నుంచి సంజీవయ్య మామ బావమరిది ఒక ఆదివారం ప్రత్యేకంగా దిగాడు. ఇంత పెద్ద నౌకకు ఒకటే వాకిలి పెట్టినోడికి బుద్ధి లేదని తేల్చి, ఉప్మా తిని వెళ్ళాడు.

ప్రతి వారం కెప్టెన్ వెంట ఒక కొత్త కుర్రాడు దిగేవాడు. అతని పేరైనా మనకు తెలియకముందే చచ్చిపోయేవాడు. కెప్టెన్ క్షేమంగా తన కుర్చీకి చేరుకుని, శత్రువుతో తెర మీద మర్యాదగా మాట్లాడేవాడు.

"ఇది మాత్రం కరెక్టుగా తీసినారు," అన్నాడు సంజీవయ్య మామ.

తలుపు వైపు తలలూ, కిటికీ వైపు తలలూ ఒకేసారి ఊగాయి. పాత కక్షలున్నవాళ్ళను ఇలా ఒక్క మాట మీదికి తెచ్చిన శాంతి కమిటీ ఏదైనా ఉందా, చెప్పండి!

నేనూ ఒకసారి ఒక అభిప్రాయం చెప్పాను. శూన్యంలో శబ్దం ప్రయాణించదు, కాబట్టి నౌక పేలినా చప్పుడు రాకూడదని. మా గదిలో గాలి పుష్కలంగా ఉన్నా ఆ మాట ఎవరి చెవికీ చేరలేదు.

ఆఖరి భాగం వచ్చింది. నౌకలోనే ఒక ద్రోహి ఉన్నాడని, కెప్టెన్ ప్రాణం మీద వాడి కన్నని ముందు వారమే తేలింది. డాక్టరా? ఇంజినీరా? వారమంతా పప్పు ఎనుపుతూ అదే ఆలోచించాను. ఆ పొద్దు టీ ముందే కాచి ఫ్లాస్కులో పోసి, ఎన్నడూ లేనిది, నేనూ ఒక పీట వేసుకుని కూర్చున్నాను.

ద్రోహి తుపాకీ తీశాడు. మొహం ఇంకా చీకట్లో ఉంది.

"అమ్మా, నాకు చక్కెర లేకుండా ఒక గ్లాసు," అన్నాడు సంజీవయ్య మామ.

వంటింట్లో ఉండగా చప్పుడు వినబడింది. గ్లాసు పట్టుకుని పరుగెత్తుకొచ్చేసరికి కెప్టెన్ నేల మీద పడి ఉన్నాడు, పైన పేర్లు వెళ్తున్నాయి.

"ఎవరు కాల్చారు?" అని అడిగాను.

అన్నాళ్ళూ నోరు మూయని గది ఠక్కున మూసుకుంది.

"నేను కండ్లద్దాలు తుడుసుకుంటాంటి అక్కా," అన్నాడు కమాల్ బాషా, తలెత్తకుండా.

"అంతా పొగమ్మే. మొగం యాడ కనపడుతాది?" అంది పెంచలమ్మ.

సంజీవయ్య మామ నా చేతిలోని గ్లాసు అందుకున్నాడు. ఒక గుక్క తాగి, "ఆ టయానికి నేను ఈడ లేనమ్మా. జమ్మలమడుగులో పెండ్లి కాడ ఉండాను," అన్నాడు. మా కుర్చీలో కూర్చునే!

అందరూ వెళ్ళాక మా ఆయన్ని పట్టుకున్నాను. ఏ పార్టీకీ చెందని చదువుకున్న మనిషి, ఆయనకేం భయం? ఆయన వీధి తలుపు వేసి, కిటికీ మూసి, గొంతు తగ్గించి, "మనకెందుకు చెప్పు," అన్నారు.

ఆ నౌక తిరిగేచోటి నుంచి వెలుతురు మన దాకా రావడానికే ఏళ్ళు పడుతుందని నేను చదువుకున్నాను. అంత దూరాన చచ్చిపోయినవాడికి కూడా మా ఊళ్ళో ఒక్క సాక్షి దొరకలేదు.