గుమ్మడికాయతో పాటు పోయిన నిచ్చెన

"వలీ, ఈ మాచర్లలో రెండే రకాల మనుషులున్నారు. నేరాలు చేసేవాళ్లు, నేను," అన్నాడు చెన్నకేశవులు.

నేనప్పుడు ఒక ఫోను వీపు ఊడదీసి ఉబ్బిన బ్యాటరీని బయటికి లాగుతున్నాను. నా పేరు ఖాదర్ వలి. బజారు వీధిలో సెల్‌ఫోన్ల రిపేరు షాపు నాది. ఎదురుగా కేశవులు షాపు. దాని బోర్డు మీద జిరాక్స్, లామినేషన్, రహస్య పరిశోధన అని రాసి ఉంటుంది. మూడింట్లో కరెంటు లేకపోయినా నడిచేది చివరిదొక్కటే. అందుకని కరెంటు పోయినప్పుడల్లా వచ్చి నా ప్రాణం తీస్తాడు.

ఆరడుగుల పైచిలుకు మనిషి. నా షాపు ముందున్న రేకుకి తల కొట్టుకోకుండా లోపలికి రావడం ఇన్నేళ్లలో నేర్చుకోలేదు. ఆ రోజూ కొట్టుకుని, నుదురు రుద్దుకుంటూ, ఎడమచేత్తో నా టీ గ్లాసు అందుకుని తాగేశాడు. గ్లాసు మీద నల్లటి వేలిముద్రలు మిగిలాయి. జిరాక్సు మిషనులో పోసే పొడి ఎప్పుడూ అతని వేళ్లకి అంటుకునే ఉంటుంది.

"అది నా టీ," అన్నాను.

"నా మెదడుకి ఇంధనం," అన్నాడు. "నేరం దగ్గర్లోనే పొంచి ఉంది. వాసన వస్తంది."

"అది బ్యాటరీ వాసన."

అంతలో రంగనాయకమ్మ గారి కేక వినిపించింది. పక్క షాపు ఆవిడదే. టెంట్‌హౌసు. షామియానాలు, కుర్చీలు, వంద మందికి వండే గిన్నెలు అద్దెకిస్తారు. పెళ్లయినా, ప్రార్థన కూటమైనా, పార్టీ మీటింగైనా సామాను అక్కడినుంచే పోవాలి. వీధి మొత్తానికి ఆవిడ పిన్ని.

"ఒరేయ్ కేశవులూ, వలీ, ఇట్టా రండ్రా. నా నిచ్చెన పోయింది."

కేశవులు కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆనందం అనుభవించాడు. నేను షట్టరు దించాను. దించకపోతే లాక్కుపోతాడు, అప్పుడు షాపు తెరిచే ఉంటుంది.

ఆ నిచ్చెన సంగతి ముందు చెప్పాలి. టెంట్‌హౌసు కింద సెల్లారు ఉంది. పోయిన వానల్లో చంద్రవంక వాగు పొంగి బజారులోకి వచ్చినప్పుడు నీళ్లు సెల్లార్లోకి దూకి, పెళ్లికొడుకు సోఫాలు కప్పుకి తగిలేదాకా తేలాయి. ఇక లాభం లేదని ఈసారి పిన్ని సెల్లారు నోటి చుట్టూ నడుమెత్తు గోడ కట్టించింది. దాని మీద రబ్బరు పట్టీ వేసిన ఇనుప మూత పెట్టించింది. మూత బిగిస్తే చుక్క నీరు దిగదు. లోపలికి దిగడానికి గుంటూరు నుంచి ముడుచుకునే నిచ్చెన తెప్పించింది. పట్టుకుని లాగితే మూడు ముక్కలూ ఒకదాన్లోంచి ఒకటి జారుతూ నేలదాకా దిగుతాయి. పైకి తోస్తే అన్నీ ముడుచుకుని, నోటి పక్కనున్న రేకు పెట్టె వెనక్కి పోయి కనపడకుండా ఉంటాయి. మూతకి అడ్డం రాదు, కింద సామానుకి అడ్డం ఉండదు. ఒక్క వేలితో తోసినా పైకి పోవాలని దానికి తాడు కట్టి, గిలక మీదుగా రెండో వైపు ఇనుప దిమ్మ వేలాడదీశారు. దిమ్మ అడుగున ఒక కొక్కెం.

బిగించినవాడు ఎలా వాడాలో చెప్పి బస్సెక్కాడు. చెప్పేటప్పుడు అందరూ తలూపారు.

నిన్న పొద్దున దానికి పూజ. మూతకి పసుపు, గోడకి కుంకుమ, కొబ్బరికాయ, దిష్టికి బూడిద గుమ్మడికాయ. నేను పులిహోర వేళకి వెళ్లాను కాబట్టి అంతకుముందు జరిగింది నాకు తెలియదు. పూజ కాగానే మూత వేసి తాళం పెట్టారు. ఈ పొద్దున మూత తీస్తే, కిందికి లాగి ఉంచిన నిచ్చెన లేదు.

మేము వెళ్లేసరికి పిన్ని గోడ మీద చేతులు పెట్టి చీకటి నోట్లోకి చూస్తోంది. వాచ్‌మన్ బెంజిమిన్ పక్కన తల దించుకుని నిలబడ్డాడు. అతని తల్లి ఆదెమ్మ మెట్ల మీద ట్రంకు పెట్టె పెట్టుకుని దాని మీద కూర్చుంది.

"ఇదేంది అత్తా, పెట్టె బయట పెట్టావు?" అన్నాను.

"ఖాళీ చేయమన్నారుగా. తాళంచెవి మావోడి దగ్గరే ఉంటదంట, అందుకని దొంగ మావోడేనంట," అంది ఆదెమ్మ. వెనక గదిలో వాళ్లు ఉంటున్నది వాచ్‌మన్ ఉద్యోగం మీదే. ఉద్యోగం పోతే ఆ గదీ పోతుంది.

"ఊరికే అన్నానా?" అంది పిన్ని. "మధ్యాహ్నానికి రెంటచింతలలో నిశ్చితార్థం. గిన్నెలన్నీ కిందున్నయ్. వంటోళ్లు ఫోన్ల మీద ఫోన్లు. ఆ గుంటూరోడు ఫోనెత్తడు. తాళం ఇంకెవరి దగ్గరుంది చెప్పు. సామాను వ్యాను కదిలేలోపు నిచ్చెన రాకపోతే మీ సామాను వీధిలోనే."

"నేను తీయలేదమ్మా," అన్నాడు బెంజిమిన్. పొద్దుటినుంచి ఆ మాటే అంటున్నాడేమో, గొంతు అరిగిపోయింది. నాకు నిజంగా బాధేసింది. పోయిన వరదలో రొమ్ముల్లోతు నీళ్లల్లో నిలబడి ఆవిడ షామియానాలు ఒక్కటొక్కటీ పైకి చేరేసింది ఆ మనిషే.

"ఎవరూ ఏమీ ముట్టుకోవద్దు," అన్నాడు కేశవులు, అన్నీ ముట్టుకుంటూ. "పిన్నీ, ఇంకేమైనా పోయిందా?"

"దిష్టి గుమ్మడికాయ కూడా లేదురా."

కేశవులు వెనక్కి ఒక అడుగు వేసి గోడకి ఆనుకున్నాడు. "నిచ్చెన. గుమ్మడికాయ. రెండూ ఒకేసారి. వలీ, ఇది మామూలు ముఠా కాదు. ముందు దిష్టి కాయని తప్పించారు, కాపలా పోయింది. ఆ తరవాత నిచ్చెన జోలికెళ్లారు."

"అన్నా," అన్నాడు బెంజిమిన్, "ఆ గుమ్మడికాయ నిన్న నువ్వే గదా పైనుంచి వంగి..."

"సాక్షి అన్నవాడు అడిగినప్పుడే మాట్లాడాలి," అన్నాడు కేశవులు.

జేబులోంచి భూతద్దం తీశాడు. ఆధార్ కార్డుల మీద అక్షరాలు చూడటానికి వాడే అద్దం అది. నోటి లోపలి గోడ మీద పసుపు చేతిముద్ర ఒకటి కనిపించింది. చాలా కిందికి ఉంది. నేను గోడ మీద బోర్లా పడుకుని చేయి చాపినా దానికి జానెడు దూరంలో ఆగిపోయాను.

"చూశావా? మామూలు మనిషికి అందదు. దొంగ పొడగరి," అన్నాడు కేశవులు. "బొటనవేలు ఏ వైపుందో చూడు. ఎడమచేతివాటం. ఆ పసుపులో నల్లపొడి చూడు. వేళ్లకి అంటుకుని వదలని పొడి. అంటే బొగ్గుతో పనిచేసేవాడు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలనుంచి వచ్చాడు."

"సున్నం తెల్లగా ఉంటది గదా," అంది ఆదెమ్మ.

"అదే వాడి తెలివి," అన్నాడు కేశవులు.

నేను అతని వేళ్లకేసి చూశాను. భూతద్దం ఎడమచేతిలో ఉంది. అద్దం మీద నల్లటి బొటనవేలి ముద్ర స్పష్టంగా ఉంది.

"కేశవులూ, ఒక్క మాట," అన్నాను.

"వద్దు వలీ. ఆలోచన తెగిపోద్ది. నుదుటి మీద దెబ్బ కూడా ఉండాలి వాడికి. ఇంత పొడగరి ఎక్కడో ఒకచోట తల కొట్టుకునే ఉంటాడు." అంటూ తన నుదురు రుద్దుకున్నాడు.

నేను నోరు మూసుకున్నాను. కొన్ని జబ్బులు వాటంతటవే తగ్గాలి.

"నేను లోపలికి దిగుతా," అని ప్రకటించాడు కేశవులు.

దిగడానికి ఏమీ లేదు కాబట్టి నడుముకి షామియానా తాడు కట్టాం. తాడు రెండో కొస నేనూ బెంజిమినూ పట్టుకున్నాం. దొంగని పట్టుకోవడానికి దిగుతున్న డిటెక్టివు ప్రాణం, దొంగ అని పిన్ని అనుమానిస్తున్న మనిషి చేతిలో ఉందని నాకు తోచింది గానీ, కేశవులుకి తోచలేదు.

"వదిలేయ్ రా బెంజిమినూ. పోయేదేముంది, గది ఎటూ పోయింది," అంది ఆదెమ్మ.

"ఊరుకోవే అమ్మా," అన్నాడు బెంజిమిన్, తాడు ఇంకా గట్టిగా పట్టుకుంటూ.

కేశవులు గోడ దాటి, కాళ్లు ఆడిస్తూ, గిర్రున తిరుగుతూ చీకట్లోకి పోయాడు. లైటు స్విచ్చి కింద ఉంది. టార్చి వేయమని నా ఫోనిచ్చాను. ఇచ్చిన వెంటనే అది ఎక్కడో గిన్నెలో పడిన చప్పుడు వినిపించింది. అది నా సొంత ఫోను.

తరవాత కేశవులు గొంతు సన్నగా వచ్చింది.

"వలీ. ఇక్కడ ఎవరో ఉన్నారు."

"ఎవరు?"

"మాట్లాడట్లేదు. తల తగిలింది చేతికి. బోడిగుండు."

పిన్ని నా భుజం పట్టుకుంది. "నా సెల్లార్లో బోడిగుండెవరిదిరా?"

"చల్లగా ఉంది వలీ," అన్నాడు కేశవులు. "ఒళ్లంతా బూడిద. సన్యాసి. నేల మీద నిలబడలేదు. తాడుకి వేలాడుతున్నాడు." గొంతు ఇంకా సన్నబడింది. "పిన్నీ, ఇది దొంగతనం కేసు కాదు. హత్య."

పిన్ని గోడ మీద కూలబడింది. "అయ్యో దేవుడా, నిశ్చితార్థం గిన్నెలు అక్కడే ఉన్నయిరా," అంది. ఆదెమ్మ సిలువ గుర్తు వేసుకుని, ట్రంకు పెట్టెని ఇంకో మెట్టు దూరం జరిపింది.

"పైకి లాగండి," అన్నాడు కేశవులు. వెంటనే, "వద్దు, ఆగండి. శవాన్ని వదిలి డిటెక్టివు పారిపోడు. తాడు విప్పి దించుతా. పట్టుకోండి, నేను వాటేసుకుంటన్నా."

"ముట్టుకోవద్దురా," అని నేననేలోపే తాడు ఒక్కసారి బరువెక్కింది. కింద ఏదో ఫట్టుమని పగిలింది. ఆ వెంటనే నోటి పక్కనున్న రేకు పెట్టె వెనకనుంచి కరకరమని చప్పుడు వచ్చింది. మేము చూస్తుండగానే మూడు ముక్కలూ ఒకదాన్లోంచి ఒకటి జారుతూ నిచ్చెన గబగబా కిందికి దిగిపోయింది. చివర్లో ఒక మెత్తని దెబ్బా, "అబ్బా" అన్న కేశవులు గొంతూ వినిపించాయి.

ఎవరూ కదల్లేదు. నిచ్చెన మాత్రం బుద్ధిగా నిలబడి ఉంది.

ముందు దిగింది బెంజిమిన్. కరెంటు వచ్చినట్టుంది, స్విచ్చి వేస్తే లైటు వెలిగింది. వెనకే నేనూ, నా వెనకే చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని పిన్నీ దిగాం. గిన్నెల మధ్య కేశవులు కూర్చుని ఉన్నాడు. చుట్టూ బూడిద గుమ్మడికాయ ముక్కలు. తల నిండా గింజలు. ఒక ముక్క మీద నిన్న పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు. తలకి చాలా పైన, నోటి దగ్గర ఇనుప దిమ్మ ఊగుతోంది. దాని కొక్కేనికి గుమ్మడికాయ కట్టిన తాడు ముక్క వేలాడుతోంది.

పిన్ని ఆ కొక్కేన్ని చూసింది. తాడు వెంట పైనున్న గిలకని చూసింది. అక్కణ్నుంచి నిచ్చెనని చూసింది. టెంట్లు ఎత్తించే మనిషికి ఇంకొకరు విప్పి చెప్పక్కర్లేదు.

"ఈ దిమ్మకి అంత కాయ తగిలిస్తే ఏమైద్ది?" అంది మెల్లగా. "బరువు ఇటు ఎక్కువై కాయ కిందికి దిగుద్ది. నిచ్చెన పైకి పోయి పెట్టె ఎనక దాక్కుంటది. మనం పైనుంచి చూస్తే రెండూ కనపడవు. ఎవరూ తోయందే పైకి పోదని పెట్టె ఎనక నేను చూడనే లా. ఎవరూ ఎత్తుకుపోలా. రాత్రంతా ఇక్కడే ఉంది."

"కాయ కట్టేటప్పుడు నిచ్చెన పైకి పోలేదే?" అన్నాను.

"కట్టినాయన ఒక కాలు నిచ్చెన మీదేసి కట్టాడు," అన్నాడు బెంజిమిన్. "ఆయన కాలు తీయంగానే మూతేసి పులిహోరకి పోయినం అందరం."

పిన్ని బెంజిమిన్ వైపు తిరిగింది. ఆవిడ ముఖం చూసి నేనే తల తిప్పుకున్నాను.

"తప్పు మాట అన్నానురా," అంది. "నీళ్లల్లో దిగి నా సామాను కాపాడినోడివి. నోరు ఎట్టా వచ్చిందో నాకే తెలవట్లా. పైకెళ్లి మీయమ్మ పెట్టె లోపల పెట్టు. గిన్నెలు తరవాత."

బెంజిమిన్ కళ్లు తుడుచుకుని ఒక పెద్ద గిన్నె భుజానికెత్తుకున్నాడు. పెట్టె కంటే ముందు గిన్నెలే పైకి చేరాయి. వ్యాను ఆలస్యమైంది గానీ కదిలింది.

కేశవులుని పైకి తెచ్చి మెట్ల మీద కూర్చోబెట్టాం. నా ఫోను కూడా దొరికింది, పులుసు గిన్నెలో, అద్దం పగిలి. మన రిపేరు మనమే చేసుకోవాలి.

"సరే గానీ," అంది పిన్ని, "కొక్కేనికి ఆ కాయ కట్టిందెవర్రా? ఎవరన్నా కట్టండని నేనన్నా, పంతులు గారితో మాట్లాడతా ఉండి చూసుకోలా."

బెంజిమిన్ నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. ఆదెమ్మ మాత్రం ట్రంకు పెట్టె మీదినుంచి లేచి, కేశవులు ముందుకొచ్చి, తీరిగ్గా వేళ్లు మడవడం మొదలెట్టింది.

"పొడగరి. ఎడమచేతివాటం. వేళ్లకి నల్లపొడి. నుదుటి మీద దెబ్బ."

వీధంతా కేశవులుకేసి చూసింది. కేశవులు రెండు భుజాల మీదా పడిన గుమ్మడికాయ గుజ్జుని చేతుల్తో తడుముకుంటూ తుడుచుకుంటున్నాడు. అందరూ నవ్వు ఎందుకు ఆపుకుంటున్నారో అతనికి అర్థం కాలేదు.

"చూశారా పిన్నీ," అన్నాడు గర్వంగా, "నేను చెప్పిన ఆనవాళ్లలో ఒక్కటన్నా తప్పిందా?"