బావిగట్టు మీద చెప్పులు

దేవరకొండ దగ్గర నాయిన పొలంలోని బావిలో ఆ పొద్దుటి పని గంటలో తెమిలిపోతుందనుకుంది హరిత. చెన్నైలో సముద్రం అడుగును వెతికే యంత్రాలు తయారుచేసే కంపెనీలో ఆమె ఇంజనీరు. మూడేళ్లు కష్టపడి చేసిన బుల్లి యంత్రాన్ని పదిహేనో తారీఖున ఓడ మీద నుంచి సముద్రంలో దించబోతున్నారు. దానితో పాటు ఓడెక్కేది కూడా ఆమే. కంపెనీలో నీళ్లతొట్టి మరమ్మతులో ఉంది కాబట్టి, ఆఖరి పరీక్షకు నాయిన బావి చాలనుకుని యంత్రాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.

చిక్కల్లా ఒక్కటే. ఓడెక్కేవాళ్లు నింపే కాగితంలో "ఈత వచ్చా?" అన్న ప్రశ్నకు హరిత "నేర్చుకుంటున్నాను" అని రాసింది. ఆ నేర్చుకోవడం రెండేళ్లుగా కాగితం మీదే సాగుతోంది. సంగతి బయటపడితే ఓడ దక్కదు.

గంగమ్మ ఉన్నచోట చెప్పులతో తిరగరాదని నాయిన రఘుపతి చిన్నప్పుడే నేర్పాడు. అందుకని చెప్పులు గట్టున విడిచి, పసుపుపచ్చ తీగ కట్టిన యంత్రాన్ని నీళ్లలోకి వదిలింది. ఎండకు లాప్‌టాప్ తెర మీద యంత్రం కెమెరా చూపేది కనిపించడం లేదు. లాప్‌టాప్‌కు తగిలించిన తీగ కొస పట్టుకుని పక్కనే ఉన్న మోటారు గదిలో దూరి తలుపు దగ్గరికి వేసుకుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పై అధికారి గ్లోరీ మేడంకు ఫోన్‌లో వీడియో కాల్ చేసింది. మేడంది కూడా ఇదే జిల్లా, హాలియా; మాట్లాడేదీ ఈ యాసే.

సరిగ్గా అప్పుడే మేకలు తోలుకుంటూ బక్కమ్మ వచ్చింది. గట్టున ఆడపిల్ల చెప్పులు. నీళ్ల మీద బుడగలు. మనిషి జాడ లేదు. మేకల్ని ఎక్కడివక్కడ వదిలేసి ఊళ్లోకి పరుగెత్తింది.

"ఓ రఘుపతన్నా! నీ బిడ్డ బాయిల పడ్డది!"

రఘుపతి చేతిలోని చాయ్ గ్లాసు జారిపోయింది. ఆయన వెనక సగం ఊరు కదిలింది. దూకబోయిన ఇద్దరిని గుంపులోని భీమయ్య రెక్క పట్టి ఆపాడు.

"ఆగుండ్రి! నీళ్లల్ల గా పచ్చ వైరు చూడుండ్రి. కరెంటున్నదో ఏమో!"

బావిలో పడిన బొక్కెనలు తీసే కొక్కేల గుత్తి, పాతాళగరిగె, అతని భుజాన సిద్ధంగా ఉంది. తాడు కట్టి వదిలాడు.

గదిలో హరిత తెర చూసి గతుక్కుమంది.

"మేడం, పైనుంచి ఏదో వస్తాంది. దానికి మస్తు కాళ్లున్నయి!"

"పొద్దుగాల ఏమన్న తిన్నవా హరితా?" అంది మేడం.

మాట పూర్తికాకముందే తెర తలకిందులైంది. తీగ చేతిలోంచి సర్రున జారి, లాప్‌టాప్ నుంచి ఊడి బయటికి పోయింది. హరిత ఇయర్‌ఫోన్లు పీకేసి, ఫోన్ పట్టుకుని బయటికి ఉరికింది. బావి చుట్టూ జనం. ఎనిమిది మంది తాడు గుంజుతున్నారు.

"జర జరుగు బిడ్డా," అంది బక్కమ్మ, ముఖం కూడా చూడకుండా. "హరిత బాయిల పడ్డది."

"హరితను నేనే గద అవ్వా!"

"నువ్వయితే ఏంది, జరుగు..." అని తల తిప్పి, బక్కమ్మ కెవ్వున అరిచింది.

ఆ అరుపు రఘుపతికి వినపడలేదు. "సముద్రం నౌకరి చేస్తదిగని, నడుములోతు నీళ్లల్ల తేల రాదు నా బిడ్డకు!" అని గుండెలు బాదుకుంటున్నాడు.

"నాయినా!"

రఘుపతి వెనక్కి తిరిగాడు. కూతురి ముఖం రెండు చేతులతో తడిమి తడిమి చూసి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పోయిందనుకున్న ప్రాణం తిరిగొచ్చింది. వచ్చీ రాగానే తిట్టడం మొదలుపెట్టాడు.

ఈలోగా కొక్కేలకు చిక్కుకుని, దీపం వెలుగుతూనే యంత్రం పైకొచ్చింది. కాల్ ఇంకా తెగలేదు.

"అంతా విన్న హరితా," అంది ఫోన్‌లో మేడం.

మూడేళ్ల కష్టం, ఓడ, అన్నీ బావిపాలే అనుకుంది హరిత.

"ఎంతమంది గుంజిన్రు?"

"ఎనిమిది మంది మేడం."

"తీగ తెగిందా? లోపలికి నీళ్లు పోయినయా?"

హరిత మూత విప్పి చూసింది. "పొడిగనే ఉన్నది మేడం."

"గింత గట్టి పరీక్ష మన తొట్టిల ఎన్నడు కాలే. మిషన్ పాస్."

"మరి... నేను?"

"నేర్చుకుంటున్న అని రాసినవ్ గదా, నేర్చుకో. ఇంక పన్నెండు రోజులున్నయి. గీ ఒడ్డుకెల్లి గా ఒడ్డుకు ఈది వీడియో పంపు. అప్పటిదాంక లిస్టులకెల్లి నీ పేరు తియ్య."

హరిత హమ్మయ్య అనుకుని, ఈత నేర్పమని బక్కమ్మ చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం బక్కమ్మ ఆమె వీపుకు ఖాళీ నూనె డబ్బా కట్టి బావిలోకి దింపింది. హరిత ఈసారి చెప్పులు ఇంటి దగ్గరే వదిలి వచ్చింది.