అలిసిపోయినవాళ్ల కోసం పరుగు

జబ్బు పడక తప్పని పరిస్థితి వస్తే, నా మాట విని క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్, అదే తీరని అలసట జబ్బు, ఎంచుకోండి. ఇంత మర్యాదైన జబ్బు మరొకటి లేదు. ఎక్స్‌రేలో కనపడదు, స్కానింగులో దొరకదు. రక్తపరీక్షల రిపోర్టు చూసి డాక్టరు చేయి కలిపి మరీ అభినందిస్తాడు. గుండెజబ్బు వాళ్లకు ఈ గౌరవం ఉందా?

మా చెల్లెలికి ఈ అదృష్టం పట్టి చాలా కాలమైంది. ఒకప్పుడు బస్సు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో ఈ చివర నుంచి ఆ చివరకు ఈదుతూ, చిల్లర లేదన్నవాళ్లందరితో పోట్లాడి, ఇంటికొచ్చాక నాతో కూడా పోట్లాడేంత ఓపిక ఉండేది. ఒకసారి జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ఆ ఓపికను వెంటబెట్టుకుపోయింది. ఇప్పుడు తల దువ్వుకుంటే పూటంతా పడుకోవాలి. స్నానం చేసిన రోజు మాట్లాడదు, మాట్లాడిన రోజు స్నానం చేయదు. కాస్త ఎక్కువ తిరిగితే మర్నాటి నుంచి శిక్ష మొదలు.

డిపో మేనేజరు దీనికి పెట్టిన పేరు నాటకం. నిజమే, మంచం మీద పడుకుని ఆడే నాటకం. ఇంత తక్కువ ఖర్చులో ఎవరాడగలరు?

పైగా ఈ జబ్బుంటే సానుభూతికి లోటుండదు. పక్కింటి పిన్నిగారు వచ్చి మంచం పక్కన కూర్చుని, "నాకూ అంతేనమ్మా, సోమవారం పొద్దున్నే లేవబుద్ధి కాదు" అంది.

"మంగళవారానికి తగ్గిపోతుందా పిన్నీ?" అని అడిగింది మా చెల్లెలు.

పిన్నిగారు మళ్లీ రాలేదు. చూశారా, ఇల్లెంత ప్రశాంతంగా ఉంటుందో!

లోకం మాత్రం పట్టించుకోకుండా ఉంటుందా? ఈ జబ్బు జాడ రక్తంలో వెతికే పరిశోధన ఒకటి మొదలైందట. దానికి విరాళాలు పోగుచేసే పని ఒక సేవాసంఘం నెత్తికెత్తుకుంది. సంఘం కార్యదర్శి బుర్ర బద్దలు కొట్టుకుని ఆలోచించి, పరుగు పందెం పెట్టాడు. టీషర్టుల మీద 'అలిసిపోయినవాళ్ల కోసం అలిసిపోదాం' అని అచ్చు వేయించాడు. ఇదే చేత్తో నిద్రపట్టనివాళ్ల కోసం డప్పుల పోటీ కూడా పెడితే సేవ సంపూర్ణమవుతుంది.

పరిశోధనలో చేరే రోగులు పరుగు రోజున మైదానానికే వచ్చి రక్తం ఇవ్వాలట. ఇంటికొచ్చి తీసుకోరా అని ఫోన్లో అడిగాను.

"కష్టమండీ. మా స్టాఫ్ అలిసిపోతారు" అన్నాడు కార్యదర్శి.

మా చెల్లెలు వెళ్తానని పట్టుబట్టింది. "నా రక్తంలో ఏదో ఉందని ఒక్కళ్లు చెబితే చాలన్నయ్యా. ఇది నాటకం కాదని చెబితే చాలు" అంది. పరుగుకు ముందు వారమంతా పెదవి విప్పకుండా, పుస్తకం కూడా ముట్టకుండా ఓపిక కూడబెట్టింది.

మైదానంలో మైకు చెవులు పగలగొడుతోంది. కుర్చీలన్నీ ముఖ్య అతిథులవి. స్టేజీ మెట్ల మీద కాసేపు కూర్చోబెట్టి, నా భుజం ఆసరాతో రక్తం తీసే టెంటులోకి తీసుకెళ్లాను. పరిశోధన డాక్టరు ఆమె దువ్విన తలను, ఉతికిన చీరను చూశాడు. మర్యాదకు నవ్విన నవ్వునూ చూశాడు.

"ఇక్కడిదాకా రాగలిగారంటే మీది తీవ్రమైన కేసు కాదమ్మా. మాకు మంచం దిగలేనివాళ్లు కావాలి" అన్నాడు.

"వాళ్లెవరైనా వచ్చారా సార్?" అని అడిగాను.

"ఒక్కరూ రాలేదండీ. ఆసక్తి లేనట్టుంది."

పోల్చి చూసుకోవడానికి ఆరోగ్యవంతుల రక్తం మాత్రం పుష్కలంగా దొరికింది. పరుగెత్తినవాళ్లంతా చేతులు చాపి మరీ ఇచ్చారు. ఇక దాన్ని దేనితో పోల్చాలన్నదొక్కటే మిగిలింది.

ఆ మర్నాటి నుంచి మా చెల్లెలు మంచం దిగలేదు. వెలుతురు కళ్లకు పడటం లేదంటే కిటికీలకు దుప్పట్లు కట్టాను. గ్లాసు నేనే నోటికి అందిస్తున్నాను. డాక్టరుగారు కోరుకున్న కేసు అచ్చంగా తయారైందని సంతోషపడి ఆయనకు ఫోన్ చేశాను.

"చాలా మంచిదండీ. వెంటనే తీసుకొచ్చేయండి" అన్నాడు.

అందుకని సంఘంవారికి నాదొక మనవి. పరుగు మానకండి, మీ కాళ్లలో బలముంది. అయితే ఈసారి మైదానం చుట్టూ వద్దు. సూదీ సీసా పట్టుకుని మా ఇంటిదాకా పరుగెత్తండి. మెట్ల దగ్గర మాత్రం చెప్పుల చప్పుడు చేయకండి, ఆమె తట్టుకోలేదు. తలుపు నేను తీస్తాను.