దగ్గరా దూరమూ ఒకే లెన్సులో

ఆ రోజు పొద్దున కళ్లద్దాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఇంట్లోంచి బయల్దేరాలి. షాపుకు వెళ్తున్నానని భార్యతో చెప్పాలి. తీరా షాపుకు వెళ్లకుండా, రెండు వీధుల అవతలున్న కెమెరా షాపుకు వెళ్లాలి. ఒక్కటంటే ఒక్క లెన్సు కొనుక్కుని, పదిన్నరకల్లా తన షాపు షట్టరు ఎత్తేయాలి. ఇరవై రెండేళ్లుగా ఊళ్లోవాళ్ల ముక్కుల మీద అద్దాలు నిలబెడుతున్న మనిషికి ఒక లెన్సు ఎంచుకోవడం ఎంతసేపు పని?

"ఇంత పెందరాళే షాపేమిటండీ?" అంది భార్య.

"హెడ్మాస్టారి కళ్లజోడు ఇవాళ ఇచ్చేయాలి. ఆయన అసలే కోపిష్టి."

"మరి ఆ సంచీ ఏమిటి?"

"ఫ్రేములు," అన్నాడాయన, పాత కెమెరా ఉన్న సంచీని వీపు వెనక్కి జరుపుకుంటూ.

ఈ దొంగాటంతటికీ కారణం హాల్లో గోడ మీద వేలాడుతోంది. నిరుటి కొండల ప్రయాణంలో పడవ మీద తీసిన ఫోటో అది. గాలికి జుట్టు ఎగురుతుంటే, ఎవరో జోకు వేసినట్టు ఆయన భార్య హాయిగా నవ్వుతోంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చెప్పులు విప్పకముందే "అబ్బ, ఎంత బాగా వచ్చిందండీ! ఎవరు తీశారు?" అంటారు. "మా మరిదిగారు," అంటుంది ఆవిడ మురిసిపోతూ. మరిదిగారంటే ఆవిడ చెల్లెలి మొగుడు, కళ్లద్దాలాయనకు తోడల్లుడు. సంచీలో మూడు లెన్సులు వేసుకుని తిరిగే మనిషి.

కళ్లద్దాలాయనా ఫోటోలు తీయకపోలేదు. పెళ్లయినప్పటినుంచీ తీస్తూనే ఉన్నాడు. అయితే ఆయన కెమెరా ఎత్తగానే ఆవిడ మొహం కరెంటు బిల్లు క్యూలో నిలబడ్డ మొహమైపోయేది. లేకపోతే సరిగ్గా నొక్కే క్షణానికి కళ్లు మూసేది. తన భార్య నవ్వు తన ఇంటి గోడ మీదే ఉంది, దాని కింద సంతకం మాత్రం ఇంకొకడిది. అది తలుచుకున్నప్పుడల్లా ఆయన కళ్లలో నిప్పులు పోసుకున్నట్టు ఉండేది. పైకి మాత్రం "బాగానే ఉంది, కాస్త వెలుతురు తక్కువైంది," అనేవాడు.

శుక్రవారం రెండు కుటుంబాలూ కలిసి మళ్లీ కొండల మీదికి బయల్దేరుతున్నాయి. ఈసారి తిరిగొచ్చాక ఆ పడవ ఫోటోను ఆవిడ తన చేత్తో తానే దించాలి, ఆ మేకుకు తను తీసిన ఫోటో తగిలించాలి. ఆయనకు కావలసింది అంతే. దానికోసం తోడల్లుడి మూడు లెన్సులు చేసే పనంతా ఒంటి చేత్తో చేసే లెన్సు ఒకటి కావాలి.

కెమెరా షాపాయన వేలాడే మీసాల పెద్దమనిషి. అద్దాల బీరువాలోంచి నల్లటి లెన్సు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, బల్ల మీద పెట్టాడు. పొట్టిగా, లావుగా, చూడ్డానికి చిన్న కూజాలా ఉంది.

"దగ్గరా దూరమూ రెండూ ఇందులోనే సార్. ఇక మార్చుకునే బాధ ఉండదు," అన్నాడు.

కళ్లద్దాలాయన ఉలిక్కిపడ్డాడు. ఇది తన డైలాగు. చదువుకోడానికీ దూరం చూడ్డానికీ కలిపి ఒకే అద్దం అమ్మేటప్పుడు రోజూ తను అనే మాటే, అక్షరం పొల్లు పోకుండా!

"అంచుల్లో కొంచెం మసక ఉంటుందేమో?" అని అనుమానంగా అడిగాడు.

"అలవాటైపోతుంది సార్."

ఇదీ తనదే. మెట్లు దిగుతుంటే ఊగుతున్నాయని వారం తిరక్కుండా గోల పెడుతూ వచ్చినవాళ్లకు తను చెప్పే సమాధానం.

"మూడు లెన్సులున్నవాడి ఫోటోలకంటే ఇది బాగా తీస్తుందా?"

"మూడు లెన్సులున్నవాళ్లు మార్చుకునే లోపల నవ్వేవాళ్లు నవ్వడం మానేస్తారు సార్," అన్నాడు షాపాయన.

ఆ మాటకు కళ్లద్దాలాయన పడిపోయాడు. అవతలివాడు అమ్మకపు మాటలు చెబుతున్నాడని తెలిసి కూడా పడిపోయాడు.

"గుమ్మంలో నిలబడి చూసుకోండి. ముందు వెడల్పుగా ఒకటి తీయండి, తర్వాత చివరిదాకా తిప్పండి," అంటూ షాపాయన ఆ లెన్సును పాత కెమెరాకు బిగించి ఇచ్చాడు.

కళ్లద్దాలాయన గుమ్మంలో నిలబడ్డాడు. సంచీ ఒక భుజానికి వేలాడుతోంది, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు కింద. వీధి వీధంతా పట్టేలా ఒక ఫోటో తీశాడు. తర్వాత లెన్సును చివరిదాకా తిప్పాడు. వీధి చివరనున్న పోస్టాఫీసు ఎగిరొచ్చి కంటి ముందు వాలింది. పోస్టాఫీసు మెట్ల దగ్గర ఆయన భార్య నిలబడి ఉంది. ఆవిడ పక్కనే తోడల్లుడు!

కొంచెం మసగ్గా ఉన్నా వాడు వాడే. ఆ బట్టతల, ఆ గళ్ల చొక్కా. వాడి చెయ్యి చాచి ఉంది, నేరుగా ఆవిడ భుజం మీదికి. ఆవిడ నవ్వుతోంది. పడవ మీది నవ్వు దీని ముందు ఎందుకూ పనికిరాదు. కళ్లు, బుగ్గలు, భుజాలు అన్నీ కలిసి నవ్వుతున్నాయి.

ఆయన వేలు దానంతట అదే నాలుగుసార్లు నొక్కేసింది.

కళ్లు నులుముకుని మళ్లీ చూసేసరికి అక్కడ ఇద్దరూ లేరు. ఆయన భార్యకు ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావు?"

"ముందు మీరెక్కడున్నారో చెప్పండి," అంది భార్య.

"నేనా? షాపులో. హెడ్మాస్టారు ఇప్పుడే వచ్చారు."

"అలాగా. అయితే నేనూ ఇంట్లోనే ఉన్నాను," అని ఆవిడ పెట్టేసింది.

వెంటనే తోడల్లుడికి చేశాడు. "తమ్ముడూ, ఎక్కడ?"

"ఆఫీసులో అన్నయ్యా. పెద్ద మీటింగు. తర్వాత మాట్లాడతా."

ఇద్దరికి ఇద్దరూ అబద్ధం! ఇంక అనుమానమెందుకు? తను అడిగితే కళ్లు మూసుకునే మనిషి, వాడి కోసం పనివేళల్లో పోస్టాఫీసుకొచ్చి నవ్వుతోంది. తనకు తెలియకుండా ఇలాంటి ఫోటోలు ఎన్ని తీయించుకుందో! కొండల మీద తను లెన్సు తిప్పుకుంటూ ఉంటే వీళ్లిద్దరూ వెనకాల ఎంత నవ్వుకునేవాళ్లో! కళ్లద్దాలాయన కెమెరా మెళ్లో వేసుకుని రోడ్డెక్కాడు. అబద్ధాలాడినవాళ్లను మళ్లీ అడిగి లాభం లేదు. ఈ అన్యాయంలో తనతో సమానంగా నష్టపోయిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. మరదలు.

"సార్! సార్! లెన్సు!" అని వెనకనుంచి కేక వినిపించింది. షాపాయన షట్టరు దించి, తాళం వేసి, పరుగందుకున్నాడు.

మరదలు మందుల షాపులో కౌంటరు వెనక ఉంటుంది. డాక్టర్ల రాత చదివి చదివి ఎంతటి గజిబిజినైనా విడదీయగల కళ్లు ఆవిడవి. బావ కెమెరా వెనకాల తెరను ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఇది మా అక్క."

"అవును."

"ఈ మసక మనిషి మా ఆయన."

"అవును. ఆ చెయ్యి చూశావా?"

అప్పటికి షాపాయన రొప్పుతూ వచ్చి, ఇద్దరి మధ్యా తల దూర్చాడు. "చూశారా అమ్మా, ఎంత స్పష్టంగా వచ్చిందో! ఆవిడగారి చెవిపోగు రాళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. చివరిదాకా తిప్పినా చెక్కుచెదరలేదు!"

"ఈయనెవరు బావా?"

"లెన్సు," అన్నాడు కళ్లద్దాలాయన.

మరదలు అదేమీ పట్టించుకోలేదు. ఆవిడ కడుపు మండుతోంది, అయితే మంట ఇంకో వైపునుంచి అంటుకుంది. "పెళ్లయి పదిహేనేళ్లు బావా. నాకు ఇలాంటి ఫోటో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తీశాడా? నన్ను తీసేటప్పుడు 'కాస్త పక్కకి జరుగు, కొండకి అడ్డమొస్తున్నావు' అంటాడు. నాకు కొండ అడ్డం కాదట, కొండకి నేను అడ్డమట! మా అక్కనైతే ఇలా నవ్వించి మరీ తీస్తాడు. సంచీ మోసేది మాత్రం నేను!"

అని మొగుడికి ఫోన్ చేసింది. "ఎక్కడున్నారు?" అని తీయగా అడిగింది. మీటింగని సమాధానం వచ్చింది. "అది ముగించుకుని మా అక్క వాళ్లింటికి రండి. ఇప్పుడే," అంది. ఈసారి తీపి లేదు.

కళ్లద్దాలాయన ఇంటి తలుపు భార్యే తీసింది. ఎదురుగా కెమెరా మెళ్లో వేసుకున్న మొగుడు, పనిలో ఉండాల్సిన చెల్లెలు, మీసాల అపరిచితుడు. ఆవిడ ముగ్గురినీ ఒకసారి చూసి, "హెడ్మాస్టారికి కళ్లజోడు సరిపోయిందా?" అంది.

"అక్కా, నువ్విలా చేస్తావనుకోలేదు!" అంది చెల్లెలు.

"ఏం చేశానే?"

"పోస్టాఫీసు దగ్గర ఎవరిని చూసి నవ్వావు?" అని గద్దించాడు కళ్లద్దాలాయన. గద్దించాననుకున్నాడు గానీ, ఆ మాట ఫిర్యాదులా వినిపించింది. "నేను తీస్తే కళ్లు మూసుకుంటావు. వాడు నిలబడితే చాలు, నవ్వుతావు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా వైపు ఒక్కసారైనా ఇలా నవ్వావా?"

చెప్పేశాక ఆయనకే సిగ్గేసింది. అపరిచితుడి ముందు, మరదలి ముందు, ఆ పడవ ఫోటో కింద నిలబడి. ఆవిడ ఏదో అనబోయేంతలో గుమ్మంలో తోడల్లుడు ప్రత్యక్షమయ్యాడు. మొహమంతా చెమట. ఒక చెయ్యి జేబును గట్టిగా పట్టుకుని ఉంది.

"జేబులో ఏమిటి?" అంది మరదలు.

"ఏం లేదు."

"తీయండి!"

వాడు దిక్కులు చూశాడు. తప్పేట్టు లేదని తేలాక, జేబులోంచి కొత్త కళ్లజోడు తీశాడు. కళ్లద్దాలాయన నిర్ఘాంతపోయాడు. వేరే షాపు కళ్లజోడు!

"క్షమించండి అన్నయ్యా. రెండేళ్లనుంచీ దగ్గరివి కనబడటం లేదు. ఫోన్ చెయ్యి చాచి పట్టుకుంటే గానీ అక్షరం చదవలేను. మీ దగ్గరికొస్తే ఫోటోలు తీసేవాడికే కళ్లు పోయాయని నవ్వుతారని, పోస్టాఫీసు వీధిలో వేరేచోట చేయించుకున్నా. ఇవాళ ఇస్తామన్నారు. వీధి మధ్యలో నిలబడి ఆ మెసేజీ చదువుకుని, వాళ్ల షాపులోకి అడుగుపెట్టానో లేదో మీ ఫోను."

"చెయ్యి చాచి పట్టుకుని చదువుతున్నావా?" అన్నాడు కళ్లద్దాలాయన నెమ్మదిగా, కెమెరా తెర వాడి ముందు పెడుతూ.

"వదిన కూడా ఆ వీధిలోనే ఉన్నారని నాకిప్పుడే తెలుస్తోంది."

షాపాయన దగ్గాడు. "ఒక్క మాట చెప్పొచ్చా సార్? లెన్సు చివరిదాకా తిప్పితే ముందున్నవాళ్లూ వెనకున్నవాళ్లూ పక్కపక్కనే ఉన్నట్టు కనబడతారు. అది లెన్సు గుణం, లోపం కాదు. ఒకే దూరంలో ఉంటే ఇద్దరూ స్పష్టంగా రావాలి కదా? ఆయనొక్కడే మసకగా ఉన్నాడంటే ఆయన ఎక్కడో ముందున్నట్టు. మీరు మొదట తీసిన వెడల్పు ఫోటో చూడండి."

చూశారు. పొడుగాటి వీధి. వీధి మధ్యలో చెయ్యి చాచి, ఫోన్‌తో కుస్తీ పడుతున్న తోడల్లుడు. వాడి వెనకాల నాలుగు కరెంటు స్తంభాలు. వాటి అవతల పోస్టాఫీసు మెట్ల మీద చీమంత మనిషి, కళ్లద్దాలాయన భార్య. దూరాల గురించి రోజంతా జనానికి పాఠాలు చెప్పే మనిషి, ఆ స్తంభాలను రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

"మరి నువ్వు ఎవరిని చూసి నవ్వావు?" అన్నాడు ఎట్టకేలకు.

"ఎవరిని చూస్తాను?" అంది భార్య. "ఉత్తరం పోస్టు చేసి మెట్లు దిగుతున్నా. వీధి ఆ చివర కెమెరా షాపు గుమ్మంలో ఒకాయన. ఒక కాలు పైనా ఒక కాలు కిందా పెట్టి, మొహానికి కూజా తగిలించుకుని, నా వైపే గురిపెట్టి నిలబడ్డాడు. ఇంతకుముందే హెడ్మాస్టారి కళ్లజోడని చెప్పి పోయిన మనిషి. ఇన్నేళ్ల కాపురం తర్వాత ఆ మాత్రం వీధి చివర్నుంచి గుర్తుపట్టలేనా? నవ్వాపుకోలేకపోయా. ఫోన్ చేసి షాపులో ఉన్నానంటే, మరి నేనెందుకు నిజం చెప్పాలి?"

కళ్లద్దాలాయన కెమెరా తెరను మళ్లీ చూశాడు. ఆ కళ్లు తిన్నగా లెన్సులోకి చూస్తున్నాయి. తిన్నగా తనలోకి. పొద్దుటినుంచీ ఆయన ఏ నవ్వు చూసి కుళ్లిపోయాడో, ఆ నవ్వు ఆయనదే.

"ఇలా ఇవ్వండి," అని ఆవిడ కెమెరా లాక్కుని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత స్టూలు వేసుకుని, పడవ ఫోటో దించి, దుమ్ము తుడిచి, "ఇది నీ గదిలో పెట్టుకోవే," అని చెల్లెలి చేతిలో పెట్టింది.

"నాకొద్దు," అంది చెల్లెలు. "బావా, కొండల మీద నన్ను కూడా మీరే తీయండి. నాకు చెప్పకుండా, బాగా దూరంనుంచి."

తోడల్లుడి మొహం వాడిపోయింది. "అది ఏ లెన్సు అన్నయ్యా?" అన్నాడు, తనకేమీ పట్టనట్టు. కెమెరా షాపాయన కుర్చీ ముందుకు జరుపుకుని, "దగ్గరా దూరమూ రెండూ ఇందులోనే సార్," అని మొదలుపెట్టాడు.

గురువారానికి ఫోటో గోడెక్కింది. తోడల్లుణ్ణి కత్తిరిస్తే ఆవిడ భుజం పోతుందని, వాణ్ణి అలాగే ఉంచేయాల్సి వచ్చింది. వాడు కొత్త కళ్లజోడు పెట్టుకుని, దగ్గరికెళ్లీ వెనక్కి జరిగీ ఫోటోను పరీక్షించాడు.

"బాగుంది గానీ అన్నయ్యా, నేను కాస్త మసకగా వచ్చాను."

"నువ్వు రావడమే ఎక్కువ తమ్ముడూ," అన్నాడు కళ్లద్దాలాయన.